స్టిరాయిడ్ కంటి చుక్కలతో ఎనిమిది వారాలు: నా అనుభవం

స్టిరాయిడ్ చుక్కలు నాకు రెండు వేర్వేరు జబ్బులకు రాశారు. ఒకటి ఐరిటిస్, అంటే కంటి లోపల కనుపాప చుట్టూ ఉండే రంగు పొర వాచిపోవడం. రెండోది ఏటా వచ్చిపోయే అలర్జీ దురద. మందు దాదాపు ఒకటే, వాడే తీరు మాత్రం పూర్తిగా తల్లకిందులు. ఐరిటిస్‌లో మందు తక్కువ వెయ్యడం తప్పు. అలర్జీలో ఎక్కువ రోజులు వెయ్యడం తప్పు. ఈ తేడా తెలియకపోతే ఒకదానికి రాసిన సీసాని రెండోదానికి వాడేస్తాం. అందుకే ముందు ఐరిటిస్ కోర్సు మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఎలా నడిచిందో రాసి, అలర్జీ సంగతి తర్వాత చెబుతాను.

కుడి కన్ను ఎర్రబడింది. చూస్తే కళ్లకలకలాగే ఉంది కానీ పుసి లేదు, దురద లేదు. నొప్పి లోపలి నుంచి సలుపు. వెలుతురు చూడలేకపోతున్నాను. ఎరుపు కూడా నల్లగుడ్డు చుట్టూ ఉంగరంలా కట్టింది. కళ్లకలకలో అయితే అది రెప్పల వైపు ఎక్కువగా ఉంటుంది. ఇంకో గుర్తు: బాగున్న కంటి మీద టార్చి వేసినా బాగాలేని కంట్లోనే నొప్పి లేచింది. రెండు కనుపాపలూ కలిసే ముడుచుకుంటాయి కాబట్టి, వెలుతురు ఎటు పడినా వాచిన రంగు పొర కదలక తప్పదు. ఇలాంటి ఎరుపుకి ఇంట్లో ఉన్న ఏ చుక్కా వెయ్యకూడదు, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

చీటీ రాయడానికి ముందు చేసిన పరీక్షల్లోనే ఈ మందు భద్రత సగం ఉంది. నారింజ రంగు పూసిన కాగితం పట్టీని తడిపి కింది రెప్ప లోపల తాకించారు, నీలి వెలుతురులో చూశారు. నల్లగుడ్డు మీద పుండు ఉంటే ఆ రంగు పట్టుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది. హెర్పిస్ వైరస్ పుండైతే ఎండిన చెట్టు కొమ్మల్లా చీలికలు చీలికలుగా కనిపిస్తుంది. దాని మీద స్టిరాయిడ్ ఒక్కటే వేస్తే ఎరుపు, నొప్పి తగ్గి బాగైనట్టే ఉంటుంది, లోపల పుండు పాకిపోతుంది. ఫంగస్ పుండు సంగతీ అంతే. అందుకే డాక్టరు అడిగిన ప్రశ్నలు: కాంటాక్ట్ లెన్సులు పెడతారా? కంటికి ఆకో కొమ్మో తగిలిందా? పెదవుల మీద నీటి పొక్కులు వచ్చి పోతుంటాయా? ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లాకోమా, కంటి లోపలి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నాయా? షుగర్ ఉందా? స్టిరాయిడ్ మాత్రలు, పీల్చే మందులు, ముఖానికి రాసుకునే క్రీములు వాడుతున్నారా? చివరిది చాలామంది చెప్పరు. రెప్పల మీద నెలల తరబడి రాసిన స్టిరాయిడ్ క్రీము కూడా కంటి ప్రెజర్, అంటే కంటి లోపలి ద్రవం ఒత్తిడి, పెంచగలదు.

తర్వాత రెండు కళ్ల ప్రెజర్ కొలిచారు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. నాకు ఎడమ కంట్లో 14, వాచిన కుడి కంట్లో 11. తగ్గడం మంచిదే కదా అనుకోకూడదు. వాపులో ఉన్న కన్ను లోపలి ద్రవాన్ని తక్కువగా తయారుచేస్తుంది, అందుకే ఆ 11. వాపు తగ్గాక అది దానంతటదే 14కి వస్తుంది. ఆ పైన పెరిగితే మందు ప్రభావమేమో చూడాలి. మొదటి రోజు అంకె లేకపోతే మూడు వారాల తర్వాత కొలిచిన అంకెని దేనితో పోల్చాలి? రెండు కళ్ల అంకెలూ అడిగి తేదీతో రాసుకున్నాను.

స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని) కింద సన్నని వెలుతురు పట్టీ వేసి, కంటి ముందు గదిలో, అంటే నల్లగుడ్డుకీ రంగు పొరకీ మధ్య ఉన్న ద్రవంలో, వాపు వల్ల చేరి తేలే కణాలు లెక్కపెట్టారు. ఒక మిల్లీమీటరు చదరంలో 26 నుంచి 50 కణాలుంటే వాపు 3+ స్థాయి అంటారు. నాది అదే. చీటీలో రాసింది: ప్రెడ్నిసోలోన్ ఎసిటేట్ 1 శాతం, మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క, హోమట్రోపిన్ 2 శాతం, రోజుకి 3 సార్లు, రాత్రి పడుకునే ముందు కింది రెప్ప లోపల సెంటీమీటరు పొడవున స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్. ఆయింట్‌మెంట్ రాత్రంతా కంట్లో ఉంటుంది కాబట్టి నిద్ర లేచి చుక్కలు వేసుకునే పని తప్పింది.

హోమట్రోపిన్ స్టిరాయిడ్ కాదు, కనుపాపని పెద్దది చేసి కదలకుండా పట్టి ఉంచే మందు. ఇది మానేయాలనిపిస్తుంది, ఎందుకంటే దగ్గరి అక్షరాలు మసకబారతాయి, వెలుతురు మరీ గుచ్చుకుంటుంది. మానకూడదు. వాచిన రంగు పొర వెనకున్న లెన్సుకి జిగురులా అంటుకుంటుంది. అంటుకుంటే కనుపాప గుండ్రంగా ఉండక వంకరటింకరగా నిలిచిపోతుంది. సలుపు తగ్గించేది కూడా ముందుగా ఇదే. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాను, బండి నడపడం మానేశాను.

ఇక సీసా. ప్రెడ్నిసోలోన్ ఎసిటేట్ నీళ్లలో కరగదు, పొడిగా తేలుతూ ఉంటుంది. సీసా కాసేపు నిలబెడితే మందు అడుగుకి దిగిపోతుంది. కదపకుండా వేస్తే మొదట్లో పల్చటి నీళ్లు, చివర్లో చిక్కటి మందు పడతాయి. అంటే జబ్బు ముదిరి ఉన్నప్పుడు తక్కువ, తగ్గుతున్నప్పుడు ఎక్కువ. పది, పదిహేను సెకన్లు గట్టిగా ఊపాలి, ప్రతిసారీ. గంటకోసారి వేసేవాడికి ‘ఇందాకే ఊపాను కదా’ అనిపిస్తుంది. నేను రెండో రోజు అలాగే బద్ధకించాను. సాయంత్రం సీసాని వెలుతురుకి పట్టి చూస్తే అడుగున తెల్లగా పేరుకుని ఉంది. డైఫ్లుప్రెడ్నేట్ లాంటి ఎమల్షన్లకీ, ప్రెడ్నిసోలోన్ ఫాస్ఫేట్ లాంటి కరిగే రకాలకీ ఈ ఊపుడు అక్కర్లేదు. మీ సీసా ఏ రకమో పెట్టె మీదే ఉంటుంది.

చుక్క వేసుకునే పద్ధతి మొదటి రోజే ఒకరి ఎదుట చేసి చూపించడం మంచిది, ఒంటరిగా నేర్చుకుంటే తప్పుల మీదే చేయి అలవాటుపడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి. తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ, కింది రెప్పని చూపుడువేలితో కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది అందులో. నల్లగుడ్డు మీద పడితే కన్ను ఉలిక్కిపడి మందంతా బయటికి తోసేస్తుంది. సీసా మొన రెప్పకీ వెంట్రుకలకీ తగలకూడదు, తగిలితే సీసా లోపలికి క్రిములు ఎక్కుతాయి. చెయ్యి వణికే వాళ్లు సీసా పట్టుకున్న చేతి మణికట్టుని నుదుటికి ఆనించాలి.

చుక్క పడ్డాక కన్ను ఆర్పకుండా నెమ్మదిగా మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలని వేలితో 2 నిమిషాలు నొక్కి పట్టాలి. కన్నీళ్లు ముక్కులోకి దిగే గొట్టం అక్కడుంది. నొక్కకపోతే మందు గొంతులోకి దిగుతుంది. నాకు నాలుక వెనక చేదు తగిలినప్పుడల్లా వేలు సరైన చోట లేదని అర్థమైంది. కొంచెం ముక్కు వైపు జరిపి ఎముక మీద నొక్కితే చేదు పోయింది. రోజుకి 16 చుక్కలు పడుతున్నప్పుడు ఒంట్లోకి చేరేది ఎంత తగ్గితే అంత మంచిది, పిల్లల్లో మరీ.

ఒక్కసారికి ఒక్కటే చుక్క. కంటి సంచిలో పట్టేది 30 మైక్రోలీటర్లు, సీసా నుంచి పడే చుక్కే 30 నుంచి 50 ఉంటుంది. రెండోది వేస్తే చెంప మీదికి కారడమే. సరిగ్గా కంట్లో పడలేదని తెలిస్తే మాత్రం ఇంకొకటి వెయ్యొచ్చు. రెండు మందులు కలిసి వచ్చే వేళల్లో ముందు పల్చటి హోమట్రోపిన్, కనీసం 5 నిమిషాలు ఆగి స్టిరాయిడ్, ఆయింట్‌మెంట్ ఎప్పుడూ ఆఖర్న. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఒక గంట చుక్క మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసి ముందుకెళ్లడమే, రెండు కలిపి వెయ్యక్కర్లేదు.

5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 125 చుక్కలుంటాయి. గంటకోటి చొప్పున 4 రోజులకి 64, రెండు గంటలకోటి చొప్పున వారానికి 56. అంటే మొదటి సీసా 11వ రోజుకే ఖాళీ. గురి తప్పిన చుక్కలు కలిపితే ఇంకా ముందే. ఐరిటిస్‌లో ఒక రోజు మందు ఆగితే నష్టం ఉంది, అందుకే రెండో సీసా మొదటే తెచ్చి ఉంచాను. సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాయాలి. తెరిచిన 28 రోజులకి పారెయ్యాలి, సగం మిగిలినా సరే.

4వ రోజు సలుపు పోయింది, ఎరుపు సగమైంది. చాలామంది చుక్కలు మానేసేది ఇక్కడే. కానీ స్లిట్ ల్యాంప్ కింద ఇంకా 2+ కణాలున్నాయి. కంటికి తెలిసే బాధ ముందు పోతుంది, లోపలి వాపు నింపాదిగా పోతుంది. అప్పుడు ఆపేస్తే వాపు మళ్లీ లేస్తుంది, ఒక్కోసారి మొదటికంటే ఎక్కువగా. అందుకే దిగుడు మెట్లలా తగ్గించారు: 5వ రోజు నుంచి వారం పాటు రెండు గంటలకోసారి, 12 నుంచి 18 దాకా రోజుకి 6 సార్లు, 19 నుంచి 4 సార్లు. ఇది నా కంటి లెక్క. ఇంకొకరికి ఇంకోలా ఉంటుంది, కణాలు చూసి తగ్గిస్తారు తప్ప క్యాలెండరు చూసి కాదు. ఈ మెట్లన్నీ ఒక కాగితం మీద గళ్లు గీసి, వేసిన ప్రతి చుక్కకీ ఒక టిక్కు పెట్టాను. ఫోన్ అలారం మోగితే ఆపేసి మరిచిపోతాం. కాగితం మీద ఖాళీ గడి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

11వ రోజు కుడి కంటి ప్రెజర్ 15. 22వ రోజు 28. ఎడమ కన్ను అదే 14.

నాకు ఏమీ తెలియలేదు. నొప్పి లేదు, మసక లేదు, పైగా ఆ వారమే కన్ను చాలా హాయిగా ఉంది. ఈ మందులో ఉన్న చిక్కంతా ఇదే: మేలు చేస్తే కంటికి తెలుస్తుంది, హాని చేస్తే తెలియదు. స్టిరాయిడ్ వల్ల కంటి లోపలి ద్రవం బయటికి పోయే జల్లెడ మూసుకుపోతుంది. ఒత్తిడి పెరిగి వెనకున్న నరాన్ని నలిపితే పక్క చూపు ముందు పోతుంది, పోయినది రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు చుక్కలు వేస్తే సుమారు మూడో వంతు మందికి ప్రెజర్ ఓ మోస్తరుగా, 5 శాతం మందికి బాగా పెరుగుతుంది. నీటికాసులు ఉన్నవాళ్లు, వాళ్ల తోబుట్టువులు, పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్లు ఈ జాబితాలో ముందుంటారు. సాధారణంగా రెండు వారాల తర్వాతే మొదలవుతుంది కాబట్టి తొలి వారం అంకె బాగుందని నిశ్చింతగా ఉండకూడదు.

కొలిచేటప్పుడు కూడా తప్పు అంకె రావచ్చు. తిమ్మిరి చుక్క, రంగు వేసి, నీలి వెలుతురుతో ఉన్న చిన్న మొన నల్లగుడ్డుని తాకేదాకా తెస్తారు. ఊపిరి బిగబట్టినా, రెప్పలు గట్టిగా బిగించినా, చొక్కా కాలరు మెడకి బిగుసుకున్నా అంకె పెరుగుతుంది. పై గుండీ తీసి, గడ్డం ఆనించి, ఊపిరి వదులుతూ నేరుగా చూడాలి. నాకు రెండోసారి కొలిచినా 28 వచ్చింది, కాబట్టి అది నిజమైన 28.

‘ఆపేద్దామా?’ అంటే ‘వద్దు, మారుద్దాం’ అన్నారు. ముందు గదిలో కణాలు 1 నుంచి 5 మధ్యకి వచ్చేశాయి, బలమైన మందు అవసరం తీరింది. ప్రెడ్నిసోలోన్ తీసేసి లోటెప్రెడ్నాల్ 0.5 శాతం రాశారు. దీన్ని కంట్లోని ఎంజైములు త్వరగా విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తాయి, అందుకే ప్రెజర్ పెంచే గుణం తక్కువ. ఫ్లోరోమెథోలోన్ కూడా ఈ మెత్తని వరసలోదే. డెక్సామెథసోన్, బీటామెథసోన్, డైఫ్లుప్రెడ్నేట్ గట్టివి. మెత్తనిదంటే పరీక్షలు మానెయ్యొచ్చని కాదు. ప్రెజర్ దించడానికి టిమోలాల్ 0.5 శాతం, 12 గంటలకోసారి. ఇది రాసే ముందు ఆస్తమా ఉందా, నాడి నెమ్మదిగా కొట్టుకుంటుందా అని అడిగారు. అడగకపోతే మనమే చెప్పాలి. ఈ చుక్క ఒంట్లోకి చేరి ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరి పట్టెయ్యగలదు. లోపలి మూల నొక్కిపట్టడం ఈ మందుకి మరీ ముఖ్యం.

29వ రోజు ప్రెజర్ 19, 36వ రోజు 15. టిమోలాల్ ఆపి, మళ్లీ వారానికి చూసి, పెరగలేదని ఖాయం చేసుకున్నారు. లోటెప్రెడ్నాల్ వారానికో మెట్టు చొప్పున 4, 3, 2, 1 అయింది, ఆఖరి వారం రోజు విడిచి రోజు. ఈలోగా 28 రోజుల గడువు దాటిపోయింది, నాలుగే నాలుగు చుక్కల కోసం కొత్త సీసా తెరవాల్సి వచ్చింది. ప్రాణం ఒప్పలేదు కానీ తెరిచాను. మందు ఆపిన రెండు వారాలకి చేసిన పరీక్షే అసలైనది: చుక్కలు లేకుండా కణాలు లేవు, ప్రెజర్ 14. లెన్సు వెనక వైపు పొరకట్టిందా అని కూడా చూశారు. స్టిరాయిడ్ తెచ్చే శుక్లం అక్కడే మొదలవుతుంది, నెలల తరబడి వాడిన వాళ్లలో.

ఇక అలర్జీ. ఇక్కడ దురదే ప్రధానం. రెండు కళ్లూ, తీగలా సాగే పుసి, తుమ్ములు. మొదటి మందు చల్లటి తడిగుడ్డ, 5 నుంచి 10 నిమిషాలు. దాంతోపాటు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు. కళ్లు నలపకూడదు: నలిపే కొద్దీ దురద రేపే కణాలు పగిలి ఇంకా దురద, ఏళ్ల తరబడి నలిపితే నల్లగుడ్డు పల్చబడి మొనదేలుతుంది. తర్వాత ఓలోపటడైన్ (స్టిరాయిడ్ కాని అలర్జీ చుక్కలు) 0.1 శాతం రోజుకి 2 సార్లు. నాకు చాలా ఏళ్లు ఇంతవరకే సరిపోయింది. సరిపోనప్పుడు లోటెప్రెడ్నాల్ 0.2 శాతం, రోజుకి 4 సార్లు, వారం రోజులు, ఓలోపటడైన్ ఆపకుండా. స్టిరాయిడ్ మంటని ఆర్పుతుంది, అది ఆగేసరికి ఓలోపటడైన్ పట్టు సాధించి ఉంటుంది. ఓలోపటడైన్ లేకుండా స్టిరాయిడ్ ఒక్కటే వేస్తే, ఆపిన మూడో రోజు దురద తిరిగొస్తుంది, మళ్లీ సీసా చేతిలోకి వస్తుంది. అలవాటు అలాగే పడుతుంది.

పిల్లల్లో వచ్చే మొండి అలర్జీలో, పై రెప్ప లోపల గులకరాళ్లలాంటి గడ్డలు కట్టే రకంలో, ఇది మరీ ప్రమాదం. ఏటా నెలల తరబడి ఉంటుంది, చుక్క వేసిన రోజు బిడ్డ ఆడుకుంటాడు, ఆపిన రోజు ఏడుస్తాడు. పిల్లల్లో ప్రెజర్ పెద్దవాళ్లకంటే త్వరగా పెరుగుతుంది, పక్క చూపు తగ్గిందని వాళ్లు చెప్పలేరు. స్టిరాయిడ్ రెండోసారి, మూడోసారి అవసరమవుతోందంటే స్టిరాయిడ్ కాని సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ గురించి డాక్టరుని అడగాలి. మొదట్లో మండుతాయి, పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, ప్రెజర్ మాత్రం పెంచవు.

మందుల షాపులో సీసా తీసుకునేటప్పుడు పేరు చూసి ఊరుకోవద్దు. యాంటీబయాటిక్ ఒక్కటే ఉన్న సీసాకీ, అందులో స్టిరాయిడ్ కలిపిన సీసాకీ పేరులో తేడా చివర ఒకటి రెండు అక్షరాలే. కింద సన్నని అక్షరాల్లో ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ వీటిలో ఏదున్నా అది స్టిరాయిడే. ‘ఎర్ర కన్నుకి ఏదైనా ఇవ్వండి’ అంటే వచ్చేది తరచూ ఇదే, రెండు రోజుల్లో ఎరుపు పోతుంది కాబట్టి ఎవరూ తిట్టరు.

కోర్సు మధ్యలో నొప్పి తిరిగొచ్చినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపించినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా తర్వాతి తారీఖు దాకా ఆగకూడదు, అదే రోజు చూపించుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు కోర్సు అయ్యేదాకా పెట్టెలోనే ఉండాలి.

మిగిలిన సీసాలు పారేశాను. ఫోన్‌లో ఒక వాక్యం దాచుకున్నాను, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, కీళ్ల సూదికైనా, చర్మం క్రీముకైనా ముందుగా అదే చూపిస్తాను: ‘కుడి కన్ను, ప్రెడ్నిసోలోన్ ఎసిటేట్ 1 శాతం, 22వ రోజు ప్రెజర్ 28, మందు మార్చి, టిమోలాల్ వేశాక 15.’